కంట్లో పువ్వు ఎందుకు పడుతుంది, కార్నియా పరిశోధన ఎంతవరకు వచ్చింది

చిత్తూరు వైపు చెరకు కొట్టేటప్పుడు ఆకు అంచు కంటికి గీసుకోవడం, శ్రీకాళహస్తి మడుల్లో వరి నూర్చేటప్పుడు ఊక కంట్లో పడటం ఎవరూ పెద్దగా లెక్కచేయని సంగతులు. కాసేపు నీళ్లు కారతాయి, కన్ను ఎర్రబడుతుంది, చల్లటి నీళ్లతో కడుక్కుని మళ్లీ పనిలో పడతారు. చాలామందికి అంతటితో పోతుంది. కొందరికి మాత్రం నాలుగైదు రోజుల్లో నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలుతుంది, వెలుతురు చూడలేరు, నొప్పికి రాత్రి నిద్ర ఉండదు. పుండు మానినా మచ్చ మిగిలిపోతే కంట్లో పువ్వు పడిందంటారు. ఆ పువ్వు పడే చోటే కార్నియా, నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. శుక్లం వేరు. అది లోపలి కటకం మసకబారడం, ఒక చిన్న ఆపరేషన్‌తో తీరిపోతుంది. పువ్వు అంత తేలిగ్గా పోదు.

కార్నియా గురించి ఈమధ్య వచ్చే వార్తలు చదివితే సగం సైన్స్ ఫిక్షన్‌లా ఉంటాయి. రక్తకణాల నుంచి పెంచిన కంటిపొర, పంది చర్మంతో చేసిన కార్నియా, త్రీడీ ప్రింటర్‌లో అచ్చుపోసిన కార్నియా. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే ఈ ప్రాంతపు కళ్లకి ఎక్కువగా పనికొచ్చే పరిశోధనలు హెడ్‌లైన్లలోకి రానివి: ఏ చుక్కలు పనిచేస్తాయి, ఏవి చెయ్యవు, దెబ్బ తగిలిన ఎన్ని గంటల్లోపు మందు పడాలి అన్న ప్రశ్నలు. ఈ రెండు రకాల పరిశోధనలూ ఒకే చోట కలుస్తాయి. కార్నియాలో ఏ పొర చెడితే ఏమవుతుందన్నది అక్కడి అసలు సంగతి.

కార్నియా మందం మధ్యలో దాదాపు అర మిల్లీమీటరు. కంటిలోకి వచ్చే కాంతిని వంచే పనిలో మూడింట రెండు వంతులు దీనిదే. దీనిలో రక్తనాళాలు లేవు. ఆక్సిజన్‌ని ఎక్కువగా కన్నీటి పొర ద్వారా గాలి నుంచి, ఆహారాన్ని లోపలి ద్రవం నుంచి తీసుకుంటుంది. మందంలో పదింట తొమ్మిది వంతులు కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులే. చర్మంలోనూ ఈ కొల్లాజెనే ఉంది, కానీ చర్మం గుండా చూడలేం. కార్నియా ఎందుకు పారదర్శకంగా ఉంటుందన్న ప్రశ్నకి 1957లో డేవిడ్ మారిస్ ఒక సమాధానం ఇచ్చాడు. పోగులన్నీ దాదాపు ఒకే సన్నదనంతో, ఒకదానికొకటి దాదాపు సమాన దూరంలో ఉండటం వల్ల, పక్కలకి చెదిరే కాంతి తనని తాను రద్దు చేసుకుంటుంది, ముందుకెళ్లే కాంతి మాత్రం మిగులుతుంది. తర్వాత ఆ సిద్ధాంతాన్ని సవరించారు కానీ మూలసూత్రం నిలిచింది: పోగుల మధ్య దూరం చెదిరితే చూపు చెదురుతుంది.

ఆ దూరాన్ని చెదరగొట్టేది నీరు. కార్నియాకి నీటిని పీల్చుకుని ఉబ్బే గుణం ఎప్పుడూ ఉంటుంది. లోపలి అంచున ఒకే ఒక్క వరుస కణాలు, ఎండోథీలియం, ఆ నీటిని పగలూ రాత్రీ బయటికి తోడుతూ ఉంటాయి. ఊట ఆగని బావి మీద బిగించిన మోటారులాంటివి ఇవి. తోడటం ఆపితే బావి నిండుతుంది. చిక్కేమిటంటే ఈ కణాలు మనిషిలో మళ్లీ పుట్టవు. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకి సుమారు 2500 ఉంటాయి, ఏటా అర శాతానికి కాస్త పైనే తగ్గుతూ పోతాయి. 500 దరిదాపుల్లోకి పడిపోతే కార్నియా ఉబ్బి తెల్లబడే ప్రమాదం ఉంటుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత కొద్దిమందికి చూపు మసకగా మిగిలిపోవడానికి ఒక కారణం ఈ కణాలు ఆ సమయంలో దెబ్బతినడమే.

బయటి వైపు కథ దీనికి పూర్తిగా తలకిందులు. పైపొర, ఎపిథీలియం, వారం పది రోజుల్లో మొత్తం కొత్తదైపోతుంది. గీత పైపొరకే పరిమితమైతే ఒకటి రెండు రోజుల్లో మానిపోయి ఆనవాలు కూడా ఉండదు. దాని కిందున్న కొల్లాజెన్ పొరకి పుండు దిగితేనే మచ్చ. మానేటప్పుడు పుట్టే కొత్త పోగులకి పాత వరుస తెలియదు, అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి. పువ్వు అంటే అదే.

రక్తనాళాలు లేకపోవడం గురించి ఒక పక్కమాట. ఒళ్లంతా నాళాలు అల్లుకుపోయిన శరీరంలో కార్నియా ఒక్కటీ వాటిని ఎలా ఆపుతోందన్నది చాలాకాలం తెలియలేదు. 2006లో అంబటి బాలమురళి బృందం నేచర్ పత్రికలో దానికి జవాబు ప్రచురించింది. ఆయన చిత్తూరుకి పొరుగునే ఉన్న వేలూరులో పుట్టిన డాక్టరు, పనిచేసింది అమెరికాలో. నాళాలు పెరగమని చెప్పే ప్రొటీన్‌ని మధ్యలోనే పట్టేసే మరో ప్రొటీన్‌ని కార్నియా స్వయంగా తయారు చేసుకుంటుందని వాళ్లు చూపించారు. మానటీ అనే సముద్ర క్షీరదం కార్నియాలో మామూలుగానే నాళాలుంటాయి. దాని కార్నియాలో ఈ ప్రొటీన్ లేదు. నాళాలు లేకపోవడం వల్లే కార్నియా మార్పిడిలో, కిడ్నీకి చూసినట్టు రక్తం గ్రూపు, టిష్యూ కలుస్తాయా అని సాధారణంగా చూడనక్కర్లేదు. నాళాలు పాకిన పాత పుండు మీద అతికితే మాత్రం శరీరం దాన్ని తిప్పికొట్టే అవకాశం బాగా పెరుగుతుంది.

ఇక పుండు సంగతి. మదురై జిల్లాలో 1990ల్లో వేసిన లెక్క ప్రకారం ఏటా 10,000 మందిలో 11 మందికి కార్నియా పుండు వస్తోంది. అమెరికాలోని ఓమ్‌స్టెడ్ కౌంటీ లెక్క చూస్తే లక్షమందిలో 11. పది రెట్ల తేడా. తేడా మనిషిలో లేదు, పనిలో ఉంది. మదురైలో కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవి దొరికిన పుళ్లలో సగానికి దగ్గరగా ఫంగస్‌వి. వాటిలో ముందు వరసలో ఉన్నవి ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్. ఇవి మట్టిలో, ఎండుటాకు మీద, గడ్డిలో బతికే బూజులు. వరి, చెరకు, వేరుశెనగ పండే చిత్తూరు, తిరుపతి జిల్లాల నేల, ఎండ, పనులు మదురై వాటికి దూరమేమీ కాదు. దానికి తోడు కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు, రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లు ఉన్నాయి. అక్కడ ఎగిరే పలుకు ఆకు కన్నా వేగంగా తగులుతుంది.

ఫంగస్ పుండుకి ఏం వేయాలన్న ప్రశ్నకి తేలిన జవాబు దక్షిణ భారతం నుంచే వచ్చింది. నాటమైసిన్ 1950ల నాటి మందు, జున్ను మీద బూజు పట్టకుండా కూడా వాడతారు. కార్నియా లోపలికి అంతగా ఇంకదని దాని మీద చిన్నచూపు ఉండేది. వొరికోనజోల్ కొత్తది, బాగా ఇంకుతుంది, కాబట్టి అదే మెరుగై ఉండాలని చాలామంది డాక్టర్ల నమ్మకం. మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి చెందిన వెంకటేశ్ ప్రజ్ఞ, శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు కలిసి 323 మంది రోగుల మీద ఈ రెండింటినీ నేరుగా పోల్చారు. ఏ రోగికి ఏ మందన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 2013లో ఫలితాలు వచ్చాయి. పాత మందే గెలిచింది. ఫ్యుజేరియం పుళ్లలో తేడా మరీ స్పష్టం. వొరికోనజోల్ వేసిన కళ్లకే చిల్లు పడటం, అత్యవసరంగా కార్నియా మార్చాల్సి రావడం ఎక్కువ. ఆ తర్వాత వొరికోనజోల్ మాత్రలు కూడా కలిపి ఇస్తే లాభమేమో అని మరో ట్రయల్ చేశారు. మొత్తం మీద లాభం కనబడలేదు.

ల్యాబ్‌లో పుట్టిన ఏ కార్నియా కన్నా ఈ ఒక్క ట్రయల్ ఈ ప్రాంతంలో ఎక్కువ కళ్లని కాపాడి ఉంటుందన్నది ఈ వ్యాసం అభిప్రాయం. మదురైలో మొదలైన అరవింద్ సంస్థకి ఇప్పుడు తిరుపతిలోనూ ఆసుపత్రి ఉంది. జబ్బు ముదరకముందే వెళ్లగలిగితే మందు దొరకడం పెద్ద సమస్య కాదు. అసలు సమస్య దానికి ముందు మజిలీలో ఉంది. కన్ను ఎర్రబడగానే చాలామంది వెళ్లేది మెడికల్ షాపుకి. చీటీ లేకుండా చేతికొచ్చే ఎర్రకళ్ల చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఎరుపు తగ్గుతుంది. ఫంగస్ ఉన్న కంట్లో అదే స్టెరాయిడ్ శరీరం చేసే పోరాటాన్ని ఆపేసి బూజుకి దారి వదులుతుంది. బాక్టీరియా పుండులోనైనా స్టెరాయిడ్ కలిపితే మేలా అని 500 మంది మీద మరో ట్రయల్ జరిగింది. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం, సరైన యాంటీబయాటిక్ ముందే మొదలైన వాళ్లలో కూడా చూపులో మొత్తం మీద తేడా లేదు. యాంటీబయాటిక్ లేకుండా, ఏ జబ్బో తెలియకుండా షాపులో ఇచ్చే చుక్కలకి ఇక సమర్థన ఎక్కడిది? ఆకు పసరు పిండటం, చనుబాలు వేయడం, నలకని నాలుకతో తీయించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. గీత మాత్రమే ఉన్న కంటికి కొత్త క్రిములని చేర్చడమే అది.

గీత పడ్డాక ఎంత టైముంది? దీనికి అంకెలతో సమాధానం నేపాల్‌లోని భక్తపూర్ నుంచి వచ్చింది. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తలకే కార్నియా గీతని గుర్తుపట్టడం నేర్పి, మూడు రోజుల పాటు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ వేయించారు. 2001లో ప్రచురించిన ఫలితాల్లో గీత పడిన 442 మందిలో 424 మందికి పుండు రాకుండానే మానింది. అంతకన్నా ముఖ్యమైన అంకె వేరే ఉంది. 18 గంటల్లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికీ పుండు రాలేదు. 24 నుంచి 48 గంటల మధ్య వచ్చిన 49 మందిలో 14 మందికి వచ్చింది. ఒక్క రోజు ఆలస్యం ఖరీదు అది. తమిళనాడు గ్రామాల్లోనూ ఇలాంటి ప్రయత్నం మంచి ఫలితాలే ఇచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే కథ అందంగా ఉంటుంది కానీ అసంపూర్ణం. భక్తపూర్ అధ్యయనంలో పోల్చడానికి మందు వేయని గుంపు లేదు. ఆ లోటు తీర్చడానికి నేపాల్‌లోనే ఊళ్లని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, సగం ఊళ్లలోనే కార్యకర్తలని పెట్టి పెద్ద ట్రయల్ చేశారు. 2022లో ఫలితం వచ్చింది: రెండు రకాల ఊళ్లలో కార్నియా పుళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనర్థం ఆయింట్‌మెంట్ పనికిరాదని కాదు. కార్యకర్తని పెట్టినంత మాత్రాన గీత పడిన ప్రతి మనిషీ ఆ 18 గంటల్లో వచ్చేస్తాడని హామీ లేదు. ఆశా కార్యకర్త చేతికి ఒక ట్యూబు ఇస్తే చాలునన్న ఉత్సాహం ఉన్నవాళ్లు ఈ రెండు అధ్యయనాలనీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మన రాష్ట్రపు లెక్కలంటే 1996 నుంచి 2000 వరకు ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనమే ఇప్పటికీ చెప్పుకుంటారు. పదివేల మందికి పైగా పరీక్షిస్తే, కనీసం ఒక కంట్లో కార్నియా వల్ల చూపు పోయిన వాళ్లు 0.66 శాతం తేలారు. కారణాల్లో మొదటిది చిన్నతనంలో వచ్చిన కార్నియా పుళ్లు, రెండోది దెబ్బలు. వీటిలో 95 శాతం తప్పించగలిగేవేనని ఆ పరిశోధకులే రాశారు. అయితే వాళ్లు తిరిగిన చోట్లు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. రాయలసీమ జిల్లా ఒక్కటీ లేదు. క్వారీలు, చెరకు, వలస కూలీలు ఉన్న చిత్తూరు అంకె ఆ సగటు కన్నా తక్కువ ఉంటుందని అనుకోవడానికి కారణమేమీ కనిపించదు.

దెబ్బల్లో ఒక ప్రత్యేకమైన రకం సున్నం. తమలపాకులోకి వాడే సున్నం ప్యాకెట్టుని పిల్లలు నొక్కి చిమ్మించుకోవడం, గోడలకి వేసే సున్నం కలిపేటప్పుడు కంట్లో పడటం మన ఆసుపత్రుల్లో పాత కథే. సున్నం క్షారం కాబట్టి ఆమ్లం కన్నా లోతుగా దిగిపోతుంది. వెంటనే, ఆసుపత్రికి బయల్దేరే ముందే, ధారగా నీళ్లు పోస్తూ చాలాసేపు కడగడం కన్నా విలువైన చికిత్స లేదు. ప్రపంచంలో మొదటిసారి సఫలమైన కార్నియా మార్పిడి కూడా సున్నం బాధితుడికే జరిగింది. 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్ పట్టణంలో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు అలోయిస్ గ్లోగర్ అనే కూలీకి ఈ ఆపరేషన్ చేశాడు. ఇనుప ముక్క తగిలి కన్ను తీసేయాల్సి వచ్చిన 11 ఏళ్ల పిల్లవాడి కార్నియా అది. రెండు కళ్లలో ఒకటి విఫలమైంది, రెండోది నిలిచింది.

ఆ రెండో కన్ను నిలవడం అదృష్టమేనని ఇప్పుడు తెలుసు. సున్నం కార్నియాని మాత్రమే కాల్చదు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచుని కూడా కాలుస్తుంది. పైపొరని జీవితాంతం కొత్తగా పుట్టించే మూలకణాలు ఆ అంచులోనే ఉంటాయని 1980ల్లో రుజువైంది. అవి పోతే ఎన్నిసార్లు కార్నియా మార్చినా పైపొర నిలవదు, తెల్లగుడ్డు వైపు నుంచి నాళాలతో సహా పొర పాకి వచ్చేస్తుంది. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు మంచి కంటి అంచు నుంచి కొద్ది కణాలు తీసి, ల్యాబ్‌లో పొరగా పెంచి, కాలిన కంటి మీద పరిచారు. పద్ధతి పనిచేసింది, 2015లో యూరప్‌లో దానికి అనుమతి కూడా వచ్చింది. కానీ అలాంటి శుద్ధమైన ల్యాబ్ పెట్టి నడపడమంటే మామూలు ఖర్చు కాదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ సంస్థలో వీరేందర్ సాంగ్వాన్, సాయన్ బసు తదితరులు ఆ ల్యాబునే తీసి పక్కన పెట్టారు. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని పది దాకా చిన్న తునకలు చేసి, కాలిన కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, దాని మీద ఆ తునకలని జిగురుతో అంటించారు. మిగతా పెంపకం ఆ కన్నే చేసుకుంటుంది. ఒకే ఆపరేషన్, మామూలు థియేటర్ చాలు. 2012లో ఈ పద్ధతిని ప్రకటించారు, 2016లో 125 కళ్ల ఫలితాలు చెప్పారు: 76 శాతం నిలిచాయి. ఖరీదైన పద్ధతిని చవక చేయడం ఒక్కటే కాదిది. కణాలు పెరగడానికి కంటి కన్నా మంచి ల్యాబ్ లేదని తేలడం శాస్త్రపరంగా కూడా పెద్ద విషయం.

రెండు కళ్లూ కాలితే ఇది కుదరదు, తీయడానికి మంచి అంచు ఉండదు. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కోజి నిషిడా బృందం అందుకే వేరే దారి పట్టింది. ఇతరుల రక్తకణాలని వెనక్కి మూలకణాల స్థితికి తీసుకెళ్లి, వాటి నుంచి కార్నియా పైపొరని పెంచారు. 2024 నవంబరులో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాలు నలుగురివి. నలుగురికీ చూపు మెరుగైంది, ముగ్గురికి ఆ మెరుగు నిలిచింది. ఆశ కలిగించే పని, సందేహం లేదు. నలుగురన్నది మాత్రం నలుగురే.

లోపలి పొర విషయంలో మార్పు ఇంకా తొందరగా వచ్చింది. ఒకప్పుడు ఎండోథీలియం చెడినా మొత్తం కార్నియాని గుండ్రంగా కోసి మార్చి, చుట్టూ కుట్లు వేసేవాళ్లు. ఇప్పుడు చెడిన ఆ సన్నపొరని మాత్రమే తీసి, దాత కార్నియా నుంచి అదే పొరని లోపల పరిచి గాలిబుడగతో అతుకుతారు. క్యోటోలో షిగేరు కినోషిటా బృందం పొర కూడా అక్కర్లేదని తేల్చింది. దాత కణాలని ల్యాబ్‌లో పెంచి, సూదితో కంట్లోకి ఎక్కించి, రోగిని మూడు గంటలు బోర్లా పడుకోబెడితే చాలు, కణాలు వాటంతట అవే వెళ్లి అతుక్కుంటాయి. 2018లో 11 మంది ఫలితాలు ప్రచురించారు, 2023లో జపాన్ అనుమతించింది. ఒక్క దాత కణాలతో పదుల మందికి చికిత్స చేయొచ్చు.

పంది చర్మపు కొల్లాజెన్ వార్త కూడా నిజమే. స్వీడన్ శాస్త్రవేత్తలు తయారు చేసిన ఆ పొరని ఇరాన్‌లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో కలిపి 20 మందికి అమర్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి, అంతకుముందు చూపు లేనట్టే లెక్కైన 14 మందీ మళ్లీ చూడగలిగారు. అయితే వాళ్లంతా కెరటోకోనస్ ఉన్నవాళ్లు, అంటే కార్నియా పలచబడి కోసుగా ముందుకు వచ్చినవాళ్లు. పుండు పడి మచ్చ కట్టిన కార్నియా సంగతి వేరు, దాని మీద ఈ ఫలితం ఏమీ చెప్పదు. కళ్లు అదేపనిగా నులుముకునే పిల్లల్లో కెరటోకోనస్ ఎక్కువగా కనిపిస్తుంది. తొందరగా పట్టుకుంటే రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెట్టి ముదరకుండా ఆపొచ్చు, కాబట్టి అలర్జీతో కళ్లు నులుముకునే పిల్లలని అలా వదిలేయకూడదు.

ఇంత జరుగుతున్నా నేటికీ ఎక్కువమందికి దిక్కు దాత కార్నియాయే. 2016లో వచ్చిన ఒక ప్రపంచ సర్వే ప్రకారం 70 మందికి అవసరమైతే ఒక్క కార్నియా దొరుకుతోంది. దేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసులో మొదలైంది, అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఇప్పుడు మరణం తర్వాత ఆరు గంటల్లోపు తీసిన కార్నియాని మదురైలోని అరోల్యాబ్ చేసే కార్నిసాల్ ద్రవంలో 14 రోజుల దాకా నిల్వ ఉంచొచ్చు. పాత ద్రవంలో నాలుగు రోజులే. ఒక చోట తీసిన కార్నియా వేరే ఊళ్లోని రోగికి తీరిగ్గా పరీక్ష చేసి చేరడానికి ఈ తేడా చాలు. దాతకి శుక్లం ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా, అద్దాలు వాడినా అడ్డు కాదు. ఇంట్లోవాళ్లు చేయాల్సింది రెప్పలు మూసి తడిదూది పెట్టడం, ఫ్యాన్ ఆపడం, వెంటనే నేత్రనిధికి ఫోన్ చేయడం. కార్నియాని ఇంటి దగ్గరే తీస్తారు, ముఖం వికారంగా మారదు.

మార్పిడికి పనికిరావని తేలిన కార్నియాలు కూడా, కుటుంబం ఒప్పుకుంటే, పరిశోధనకి వెళ్తాయి. 2022లో ఎల్వీ ప్రసాద్ సంస్థ, ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి కుందేలు కంట్లో అమర్చిన త్రీడీ కార్నియాకి వాడిన ముడిపదార్థం మనుషులు దానం చేసిన కార్నియాల నుంచి తీసినదే.